యుద్ధ ప్రాంతాల్లో సహాయ సిబ్బంది: ముప్పును ఎలా లెక్కేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

సూడాన్, గాజా, సోమాలియా, అఫ్గానిస్తాన్ లాంటి చోట్ల తిండిగింజలు పంచేవాళ్లు, టీకాలు వేసేవాళ్లు, బోర్లు బాగుచేసేవాళ్లు రోజూ పొద్దున్నే బండెక్కుతారు. వాళ్లు బయల్దేరే ముందు ఎవరో ఒకరు కూర్చుని, ఈ రోజు ఆ రోడ్డు మీద వెళ్లొచ్చా లేదా అని లెక్క చూసి ఉంటారు. ఆ పనిని కొన్నేళ్లు దగ్గర నుంచి చూశాను, కొంత చేశాను కూడా. చుట్టాలు, స్నేహితులు, ఈ రంగంలోకి రావాలనుకునే కుర్రవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

బాంబు ఎక్కడ పేలుతుందో ముందే చెప్పేస్తారా?

లేదు. చెబుతామని ఎవరైనా అంటే నమ్మకండి. మబ్బు చూసి వాన సంగతి చెప్పే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఉంటారు. అంతమాత్రాన ఏ చేలో ఎన్ని చినుకులు పడతాయో చెప్పలేరు కదా. ఇదీ అలాంటిదే.

ఇందులో సగం పని, మామూలు రోజు ఎలా ఉంటుందో బాగా తెలుసుకోవడం. సంత ఏ వారం, ఎన్నింటికి నిండుతుంది? చెక్‌పోస్ట్‌లో ఎవరు నిలబడతారు, వాళ్లకు జీతాలు అందుతున్నాయా? సాయంత్రం పిల్లలు ఎక్కడ ఆడతారు? ఇవి తెలిస్తేనే ఏదో ఒక రోజు తేడా కొట్టినప్పుడు పట్టుకోగలం. పదకొండింటికే కొట్లు షట్టర్లు దించేస్తున్నాయంటే, రోడ్డు మీద ఆడవాళ్లూ పిల్లలూ కనపడకుండా పోయారంటే, ఊరికి ఏదో తెలిసిందని అర్థం. మనకే ఇంకా తెలియలేదు.

ముప్పు, రిస్క్ ఒకటే కదా?

కాదు. ఈ తేడా తెలియకపోతే మిగతాదంతా గందరగోళమే. ముప్పు బయట ఉంటుంది. రోడ్డు మీద బండ్లను ఆపి దోచుకునే గుంపు ఉందనుకోండి, అది ముప్పు. నెల మొదటి వారంలో జీతాల డబ్బు అదే బండిలో, అదే దారిలో, అదే టైంకి తీసుకెళ్లడం మన బలహీనత. ఈ రెండూ కలిస్తే రిస్క్. ఆ గుంపును మనం లేకుండా చేయలేం. డబ్బు తీసుకెళ్లే పద్ధతి మాత్రం రేపే మార్చుకోవచ్చు.

ఆఫీసుల్లో దీన్ని ఒక గళ్ల పట్టికలో వేస్తారు. జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అని ఒకటి నుంచి అయిదు వరకు అంకెలు వేసి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు పూస్తారు. పట్టిక మంచిదే, కాకపోతే రంగు చూడగానే ఆలోచించడం ఆపేసేవాళ్లు ఎక్కువ. పోయినేడు పసుపు రంగు వేశారని ఈ ఏడూ అదే రంగుంచి, తేదీ మాత్రం మార్చిన కాగితాలు నేను చాలానే చూశాను.

ఇంకో మాట. ఒకే ఊళ్లో ఒకే రోజు అందరి రిస్కూ ఒకటి కాదు. ఏ తెగవాడు, ఏ భాష మాట్లాడతాడు, ఆడా మగా, ఏ దేశం పాస్‌పోర్టు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. విదేశీయుడికి ఇబ్బంది లేని చెక్‌పోస్ట్‌లోనే అతని పక్కన కూర్చున్న స్థానికుడిని కిందికి దింపి ఇంటిపేరు అడగొచ్చు.

మంచి చేసేవాళ్ల మీద దాడి ఎవరు చేస్తారు? ఎందుకు?

కారణాలు అన్నీ పెద్దవి కావు. చాలాసార్లు డబ్బు, బండి, ఫోన్లు, డీజిల్ కోసమే. ఉద్యోగంలోంచి తీసేశారనో, కాంట్రాక్టు వేరేవాడికి ఇచ్చారనో, పంపిణీ జాబితాలో తమ ఊరి పేరు లేదనో కోపంతో చేసేవి కొన్ని. అవతలి పక్షానికి తిండి పెడుతున్నారని, గూఢచారులని అనుమానించి చేసేవి కొన్ని. నలుగురికీ తెలియాలని కావాలనే చేసేవి మరికొన్ని. ఇక ఆకాశం నుంచి బాంబులు పడేచోట మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా గురిపెట్టకపోయినా ప్రాణం పోతుంది.

కారణం ఏదో తేల్చకుండా జాగ్రత్తలు తీసుకుంటే తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టే. దొంగల బెడదకు గోడ ఎత్తు పెంచొచ్చు, జాబితా మీద కోపానికి గోడ పనికిరాదు. ఊరి పెద్దలతో కూర్చుని ఎవరికి ఎందుకు ఇస్తున్నామో చెప్పాలి.

చనిపోయేది ఎక్కువగా విదేశీయులేనా?

టీవీలో వాళ్లే కనపడతారు కాబట్టి అలా అనిపిస్తుంది. దాడుల్లో దెబ్బతినే పది మందిలో తొమ్మిది మందికి పైగా ఆ దేశం వాళ్లే. డ్రైవర్లు, నర్సులు, కాపలాదారులు, గోడౌన్ మనుషులు. 2024లో ప్రపంచవ్యాప్తంగా 383 మంది సహాయ సిబ్బంది హతమయ్యారని 2025 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. అందులో 181 మంది గాజాలో, 60 మంది సూడాన్‌లో.

మనకు పక్కనే జరిగింది ఒకటి చెబుతాను. శ్రీలంకలో ట్రింకోమలీకి దగ్గర్లో ముత్తూర్ అనే ఊరుంది. 2006 ఆగస్టు మొదట్లో అక్కడ సైన్యానికీ ఎల్‌టీటీఈకీ పోరాటం మొదలైంది. ఫ్రెంచి సంస్థ యాక్షన్ అగైన్‌స్ట్ హంగర్ తరఫున సునామీ సహాయ పనులు చేస్తున్న 17 మంది స్థానిక ఉద్యోగులు ఊళ్లో చిక్కుకుపోయారు. సంస్థ ఆఫీసులో, సంస్థ టీషర్టులతో ఉంటే ఎవరూ ఏమీ చేయరనుకున్నారు. వాళ్లను ఆఫీసు ఆవరణలోనే కాల్చి చంపారు. పదహారు మంది తమిళులు, ఒకరు ముస్లిం. ఈ కేసులో ఇప్పటిదాకా ఎవరికీ శిక్ష పడలేదు.

ఈ పనిలో ఉన్నవాళ్లను ఆ ఘటన ఇప్పటికీ కలచివేస్తుంది. విదేశీ సిబ్బందిని వెనక్కి రప్పించడానికి ప్రతి సంస్థ దగ్గరా కాగితం మీద ప్లాన్ ఉంటుంది. అదే పరిస్థితిలో స్థానిక సిబ్బంది ఎక్కడికి వెళ్లాలి, ఏ బండిలో, కుటుంబాల సంగతేంటి అని అడగండి. చాలాచోట్ల ఆ పేజీ ఖాళీగా ఉంటుంది.

బాగ్దాద్ దాడి గురించి ఎప్పుడూ ఎందుకు చెబుతారు?

2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని కెనాల్ హోటల్‌ను ఆనుకుని ట్రక్కు బాంబు పేలింది. అది ఐరాస కార్యాలయం. ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. పగిలిన అద్దాలు కత్తుల్లా దూసుకొచ్చి చాలామందిని గాయపరిచాయి. ఆ ఆగస్టు 19నే ఇప్పుడు ప్రపంచ మానవతా దినోత్సవంగా జరుపుతున్నారు.

అక్కడి అసలు విషయం బాంబు కంటే ముందు ఉంది. అమెరికా సైన్యం మధ్యలో కనపడితే ఇరాకీలు తమను కూడా ఆక్రమణదారులుగానే చూస్తారని ఐరాస అధికారులు భయపడ్డారు. అందుకని చుట్టూ పెట్టిన అడ్డంకుల్లో కొన్నింటిని తీసేయమన్నారు. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ ఇరాక్‌లో ఒక వర్గం దృష్టిలో ఐరాస అప్పటికే శత్రువు, ఇరాక్ మీద ఐరాస ఆంక్షలు పెట్టిన కాలం నుంచీ. ఆ సంగతిని విశ్లేషణ గట్టిగా పట్టుకోలేదు. "మనల్ని ఎవరేం చేస్తారు" అన్న పాత ధీమా పనిచేసింది. తర్వాత ఫిన్లండ్ మాజీ అధ్యక్షుడు మార్టి అహ్తిసారి నాయకత్వంలోని బృందం విచారించి, ఐరాస భద్రతా వ్యవస్థ పనికిరాని స్థితిలో ఉందని తేల్చిచెప్పింది. ఆ దెబ్బతోనే ఐరాసలో భద్రతకు ప్రత్యేక విభాగం వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 27న బాగ్దాద్‌లోనే రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ ఆఫీసు మీద కూడా బాంబు దాడి జరిగింది.

సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? గూఢచర్యం చేస్తారా?

చేయరు, చేయకూడదు. గూఢచారులన్న అనుమానం వస్తే ఆ ఊళ్లో పని అయిపోయినట్టే. సమాచారం బాహాటంగా దొరికేదే. ఐఎన్‌ఎస్‌ఓ అని ఒక సంస్థ ఉంది. ఎన్జీవోల కోసమే ఘటనలు పోగుచేసి, ఏ రోడ్డు మీద ఏ టైంలో ఏం జరుగుతోందో మ్యాపుల మీద చూపిస్తుంది. వారానికోసారి సంస్థలన్నీ కూర్చుని మాట్లాడుకుంటాయి.

నన్నడిగితే అన్నిటికంటే మంచి సమాచారం డ్రైవర్ దగ్గర ఉంటుంది. పొద్దున్నే బండి కడిగి, టైర్లు తన్ని చూసి, చక్కెర దండిగా వేసిన టీ తాగుతూ పక్క సంస్థ డ్రైవర్లతో ఒక పావుగంట మాట్లాడతాడు. నిన్న ఆ వాగు దగ్గర ఎవరో కొత్త కుర్రాళ్లు నిలబడ్డారని, యూనిఫాం ఉంది గానీ కాళ్లకు చెప్పులున్నాయని అతనికి తెలుస్తుంది. బూట్ల బదులు చెప్పులున్నాయంటే వాళ్లు జీతం అందని సైనికులో, సైనికులే కానివాళ్లో అయ్యుంటారు. ఏసీ గదిలో మ్యాపు ముందు కూర్చున్నవాడికి ఆ చెప్పులు కనపడవు. అయినా చాలా ఆఫీసుల్లో పొద్దుటి సెక్యూరిటీ మీటింగ్‌కి డ్రైవర్‌ని పిలవరు. మీటింగ్ అయ్యాక ఎక్కడికి వెళ్లాలో చెబుతారు, అంతే.

ఎవరో చెప్పారని నమ్మేయడమూ ప్రమాదమే. చెప్పినవాడు తన కళ్లతో చూశాడా, విన్నాడా? చెప్పడం వల్ల అతనికేమైనా లాభముందా? ఆ రోడ్డు మూసేస్తే ఎవరి పడవలకు గిరాకీ? ఇవి అడిగి, సంబంధం లేని ఇంకో మనిషి కూడా అదే చెబితేనే లెక్కలోకి తీసుకుంటారు. ఒకే పుకారు మూడు వాట్సాప్ గ్రూపులు తిరిగొస్తే మూడు సాక్ష్యాలు ఉన్నట్టు కనపడుతుంది. అందరూ పడే గొయ్యి ఇదే.

తృటిలో తప్పిన ప్రమాదాల సంగతి కూడా రాయించాలి. రాయి విసిరారు, తగల్లేదు. బండి ఆపారు, వదిలేశారు. "ఏం కాలేదు కదా" అని జనం చెప్పరు. అలాంటివి నాలుగు ఒకే మలుపు దగ్గర జరిగాయని తెలిస్తే అయిదోది ఎక్కడ జరగొచ్చో చెప్పడానికి మేధావి అక్కర్లేదు.

అన్నిటికంటే ప్రమాదం ఎక్కడ?

చాలా దేశాల్లో రోడ్డు మీదే. దీనికి మనవాళ్ల ఉదాహరణే ఉంది. లిబియాలోని సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగు ప్రొఫెసర్లు 2015 జూలైలో ఇంటికి రావడానికి బయల్దేరి, దారిలో చెక్‌పోస్ట్ దగ్గర సాయుధుల చేతికి చిక్కారు. ఏడాదికి పైగా చెరలో ఉండి 2016 సెప్టెంబర్‌లో బయటపడ్డారు. వాళ్లు సహాయ సంస్థల మనుషులు కాదు, అధ్యాపకులు. కానీ ఎక్కడ చిక్కారో చూడండి. వెళ్లిపోదామనుకున్న రోజు, రోడ్డు మీద.

అందుకే బండి కదిలే ముందు చాలా తతంగం ఉంటుంది. ఎవరెవరు ఎక్కారు, ఏ దారి, ఎన్నింటికి ఏ ఊరు దాటాలి, చీకటి పడేలోపు ఎక్కడుండాలి. వెళ్లే ప్రతి చోటినుంచీ వాకీటాకీలోనో శాటిలైట్ ఫోన్‌లోనో కబురు చేయాలి. చెక్‌పోస్ట్ కనపడగానే వేగం తగ్గించాలి, అద్దం దించాలి, నల్ల కళ్లద్దాలు తీయాలి, చేతులు కనపడేలా పెట్టాలి, ఫోన్ ముట్టుకోకూడదు. రాత్రయితే లోపలి లైటు వేయాలి. మాట్లాడేది ఒక్కరే, అదీ సాధారణంగా డ్రైవరే.

కాగితం మీద ఎంత బాగున్నా మనిషి చూడకపోతే దండగ. నేను ఉన్న ఒక ఆఫీసులో గోడ మీద పెద్ద తెల్ల బోర్డు ఉండేది. బండి నంబరు, బయల్దేరిన టైం, రావాల్సిన టైం అన్నీ మార్కర్‌తో నీట్‌గా రాసేవాళ్లు. ఒక రోజు చూడాల్సిన మనిషి భోజనానికి వెళ్లి అటే ఇంకో పని మీద పోయాడు. రెండు గంటల పాటు బండి ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. సాయంత్రం నాలుగింటికి ఎవరో బోర్డు చూసి గాభరా పడ్డారు. తీరా చూస్తే రెండు టైర్లు పంక్చర్, స్టెప్నీ ఒక్కటే. ఆ రోజు అదృష్టం బాగుంది.

తుపాకీ పట్టిన గార్డులను పెట్టుకోవచ్చు కదా?

కొందరు పెట్టుకుంటారు, చాలామంది పెట్టుకోరు. భద్రతకు మూడు దారులున్నాయని చెబుతారు. జనం మనల్ని తమవాళ్లుగా ఒప్పుకునేలా చేసుకోవడం ఒకటి. గోడలు, గేట్లు, అద్దాలకు ఫిల్ములు రెండోది. ఎదురు దెబ్బ తగులుతుందని భయపెట్టడం మూడోది. ఎంఎస్‌ఎఫ్ అని అందరూ పిలిచే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ తన ఆసుపత్రుల్లోకి ఆయుధాలు రానివ్వదు. ఛత్తీస్‌గఢ్ నుంచి మన భద్రాచలం వైపు అడవుల్లోకి వలసొచ్చిన గొత్తికోయల ఊళ్లలో మొబైల్ క్లినిక్‌లు నడిపింది కూడా ఈ సంస్థే.

అంత పట్టుదల ఉన్న ఆ సంస్థే సోమాలియాలో సాయుధ గార్డులు లేకుండా పని చేయలేకపోయింది. 22 ఏళ్లలో అక్కడ 16 మంది సిబ్బందిని పోగొట్టుకుని 2013 ఆగస్టులో దేశం నుంచే తప్పుకుంది, 2017లో మళ్లీ వెళ్లింది. తుపాకీతో ఉన్న చిక్కేమిటంటే, గార్డు ఏదో ఒక వంశానికో తెగకో చెందినవాడై ఉంటాడు. అతన్ని పెట్టుకున్న క్షణం నుంచి వాళ్ల పగలన్నీ మనవే.

ఆసుపత్రి ఎక్కడుందో సైన్యాలకు ముందే చెప్పేస్తే సరిపోదా?

చెబుతారు. చెప్పాలి కూడా. సరిపోతుందా అంటే, ఈ రెండూ చూడండి.

అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో ఎంఎస్‌ఎఫ్ ఆసుపత్రి ఉండేది. అది సరిగ్గా ఎక్కడుందో అమెరికా సైన్యానికి జీపీఎస్ వివరాలతో సహా ఇచ్చారు. 2015 అక్టోబర్ 3 తెల్లవారుజామున అమెరికా యుద్ధ విమానం దాని మీదే కాల్పులు జరిపింది. దాడి నడుస్తుండగానే లోపలి నుంచి ఫోన్లు చేశారు. అయినా ఆగలేదు. 42 మంది పోయారు, అందులో 14 మంది సిబ్బంది.

2024 ఏప్రిల్ 1న గాజాలోని దేర్ అల్ బలాలో వరల్డ్ సెంట్రల్ కిచెన్ అనే ఆహార సహాయ సంస్థ బండ్లు మూడు గోడౌన్‌లో ఆహారం దించి వస్తున్నాయి. బండ్ల మీద సంస్థ గుర్తు ఉంది, ప్రయాణం వివరాలు ఇజ్రాయెల్ సైన్యానికి ముందే తెలుసు. ఒకదాని తర్వాత ఒకటి మూడు బండ్లనూ కొట్టారు. ఏడుగురు చనిపోయారు.

కాబట్టి చెప్పిన సమాచారం అవతల ఎవరి చేతికి అందింది, ట్రిగ్గర్ దగ్గరున్నవాడి దాకా వెళ్లిందా అన్నది కూడా విశ్లేషణలో భాగమే. చట్టం గురించి అడిగితే, సహాయ సిబ్బంది మీద కావాలని దాడి చేయడం యుద్ధ నేరం. 2024 మేలో భద్రతా మండలి 2730వ తీర్మానంలో మళ్లీ ఆ మాటే గట్టిగా చెప్పింది. సహాయ సిబ్బందికి అప్పటిదాకా నమోదైన వాటిలో అతి ఘోరమైన ఏడాదిగా అదే 2024 ముగిసింది.

సంస్థ నిర్లక్ష్యం చేస్తే ఉద్యోగి ఏమైనా చేయగలడా?

2012 జూన్‌లో కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరంలో నార్వేజియన్ రెఫ్యూజీ కౌన్సిల్ కాన్వాయ్ మీద దాడి జరిగింది. ఒక డ్రైవర్ చనిపోయాడు. నలుగురు విదేశీ ఉద్యోగులను సోమాలియాలోకి ఎత్తుకుపోయారు, నాలుగు రోజులకు విడిపించారు. వాళ్లలో ఒకతను గాయాలతో, మానసిక క్షోభతో బయటపడి సంస్థ మీద కేసు వేశాడు. ఆ ప్రాంతంలో కిడ్నాప్‌ల ముప్పు ఉందని సంస్థకు తెలుసని, తెలిసీ తగిన జాగ్రత్తలు తీసుకోలేదని, ఇది తీవ్రమైన నిర్లక్ష్యమని 2015 నవంబర్‌లో ఓస్లో కోర్టు తీర్పు ఇచ్చింది. పరిహారం దాదాపు 44 లక్షల నార్వే క్రోనర్లు.

ఆ తీర్పు తర్వాత సంస్థల్లో టెన్షన్ మొదలైంది. "తెలియదు" అంటే కుదరదు, "తెలుసు" అని రాసిపెడితే ఏదో ఒకటి చేసి తీరాలి. మంచి జరిగింది, కాగితాలూ పెరిగాయి. సంతకం పెట్టించుకుంటే బాధ్యత తీరిందనుకునే మేనేజర్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఎప్పుడు ఆపేసి వెనక్కి వస్తారు?

ఆ గీత ముందే గీసుకోవాలి. ఫలానా వంతెన మూసేస్తే, ఫలానా సంస్థ మనుషుల్ని పట్టుకుపోతే, ఎయిర్‌స్ట్రిప్ మీద షెల్స్ పడితే కదులుతాం అని ప్రశాంతంగా ఉన్న రోజు రాసుకోవాలి. లేకపోతే ప్రమాదం కొంచెం కొంచెం పెరుగుతుంటే మనిషి అలవాటు పడిపోతాడు. మొదటి వారం తుపాకీ చప్పుడుకి లేచి కూర్చున్నవాడే నాలుగో నెలలో అటు తిరిగి పడుకుంటాడు.

వెళ్లిపోవడం కూడా ఊరికే రాదు. 2004 జూన్‌లో అఫ్గానిస్తాన్‌లోని బాద్గిస్‌లో అయిదుగురు సిబ్బందిని చంపాక ఎంఎస్‌ఎఫ్ ఆ దేశం వదిలేసింది, 2009 దాకా తిరిగి వెళ్లలేదు. ఆ మధ్య ఏళ్లలో వైద్యం అందని జనం ఎవరి లెక్కలోనూ లేరు. ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు.

మా అబ్బాయి సౌత్ సూడాన్ వెళ్తున్నాడు. ఇంటి దగ్గర మేమేం తెలుసుకోవాలి?

బయల్దేరే ముందు సంస్థ ఒక ఫారం నింపిస్తుంది. అందులో అతనికి మాత్రమే తెలిసిన కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉంటాయి. చిన్నప్పటి కుక్క పేరు లాంటివి. ఎవరైనా పట్టుకుపోతే బతికే ఉన్నాడని రుజువు కోసం వాటినే అడుగుతారు. అవి ఫేస్‌బుక్‌లో దొరికేవి కాకూడదు. అలాంటిదేమైనా జరిగితే టీవీ వాళ్లతో మాట్లాడకండి, డబ్బు అడుగుతూ వచ్చిన ఫోన్‌కి మీరే బేరం పెట్టకండి. సంస్థలో ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ఇప్పుడే అడిగి, ఫోన్‌లోనే కాకుండా ఒక కాగితం మీద కూడా రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకోండి. అతను ఎక్కడెక్కడ ఉన్నాడో తెలిసేలా అతని ఫోటోలు మీరు స్టేటస్‌లో పెట్టకండి.

అక్కడ సాయంత్రం ఆరంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. నెట్ రోజుల తరబడి పోతుంటుంది. రోజూ ఫోన్ చేస్తానని మాటివ్వమని అడగకండి. ఒక్క రోజు చేయకపోయినా మీకు నిద్ర ఉండదు, సిగ్నల్ కోసం అతను చీకట్లో బయటికి వస్తాడు. వారానికి రెండు రోజులని పెట్టుకోండి.